వెనక్కాలికి కళ్లుండవు

ఎం.టెక్‌లో నా ప్రాజెక్టు ఆరుకాళ్ల యంత్రం. చక్రాలు పోలేని రాళ్లనేల మీద అది నడవాలి. ఒకసారి అది పడిపోయి నేను ఫెయిలయ్యాను. ఇది రెండో అవకాశం, ఆఖరిది.

పదకొండింటికి పరీక్ష. తిరుపతిలో మా కాలేజీ వెనక రాళ్ల మీద పదడుగుల దూరం దాటించాలి. ఎనిమిదింటికి చూస్తే, పాదం నేలకు తగిలిందని చెప్పే స్విచ్చుల్లో ముందుకాళ్లవి రెండే పనిచేస్తున్నాయి. తక్కినవి వానకు తడిసి పాడయ్యాయి. వెనక్కాలు రాళ్లసందులో దిగబడటం, యంత్రం ఒరగడం. నడిపించి చూసిన మూడుసార్లూ అదే.

మా ఊరు ఐరాల నుంచి నాకు క్యారియర్ తెచ్చిన నాయన ఇదంతా చూస్తూ కూర్చున్నాడు. ఆయన మేకలు మేపిన మనిషి.

"ఎనక్కాలికి కండ్లుండవు మే. మేకను సూడలేదా? ముందుకాలు పెట్టిన సోట్నే ఎనక్కాలూ పెడతాది."

"మేకకు నాలుగు నాయనా. దీనికి ఆరు కాళ్లుండాయి."

"అయితే ఏం? అడుగులో అడుగెయ్యమను."

అడుగులో అడుగంటే మెల్లగా నడవడమనే నేను అనుకునేదాన్ని. ఆయన చెప్తున్నది ఒక అడుగు పడిన చోటే ఇంకో అడుగు వెయ్యడం. వాదించబోయి ఆగాను. ముందుకాలు నిలిచిన చోటును కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటే మధ్యకాలు అక్కడికే, ఆ తర్వాత వెనక్కాలూ అక్కడికే. పోయిన స్విచ్చులతో పనే లేదు. ప్రోగ్రాం మార్చి ముగించేసరికి పరీక్షాధికారి వచ్చేశాడు.

"చక్రాలు పెట్టక ఈ కాళ్ల గొడవెందుకమ్మా?"

"మీరు కారు గేటు దగ్గరే వదిలి, కాళ్లతోనే కదా వచ్చారు సార్."

ఆయన నవ్వలేదు.

యంత్రం కదిలింది. ఒక్కో కాలే ఎత్తి పెడుతోంది. సగం దూరంలో ముందుకాలి కింద రాయి ఊగింది. స్విచ్చు మాత్రం అంతా బాగుందనే చెప్పింది. ఇక మధ్యకాలూ, వెనక్కాలూ ఆ రాయి మీదికే వస్తాయి. ఆపే మీట నా వేలి కిందే ఉంది. ఆపితే ఫెయిల్. మధ్యకాలు ఎక్కింది, రాయి నిలిచింది. వెనక్కాలు పెట్టగానే పొర్లిపోయింది. యంత్రం ఒరిగింది. మిగిలిన ఐదు కాళ్లూ పట్టుకున్నాయి. పదడుగుల చివర గీసిన గీత దాటింది.

"పాసయ్యావు. ఈ నడక ఆలోచన ఎవరిది?" అన్నాడాయన.

"నాదే సార్."

పక్కనే నాయన క్యారియర్ గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది.

బస్సు దగ్గర అడిగాను. "ఏం నాయనా, ఒక్క మాటా అనవే?"

"నడిచింది గదా మే. ఇంగేం గావాల?"

తిట్టి ఉంటే ఏదో ఒక జవాబు చెప్పేదాన్ని.