ఎడమ స్పీకరు ఫీలిమ్

ఫీలిమ్ గిల్డే తన కారులో వినకుండా ఏ పాటనూ లోకం మీదికి వదలడు. ఒక్కడే వింటే చాలదు. బండి కదులుతూ ఉండాలి, పక్క సీట్లో ఎవరో ఒక మనిషి ఉండాలి, పాట ఎక్కడ కుంటుతోందో ఆ మనిషి మొహంలో ఆయన చూడాలి. మరి రోడ్డు ఎవరు చూస్తారని అడక్కండి. ఐర్లండ్ ఉత్తరాన, డోనెగల్‌లో మా వైపు గొర్రెలే చూసుకుని తప్పుకుంటాయి.

ఆ ఎర్ర కారుకి ఇరవై మూడేళ్లు. కుడి స్పీకరు ఎప్పుడో చచ్చిపోయింది. పాటలో కుడివైపు పెట్టినదేదీ అందులో వినపడదు. మా బ్యాండులో గిటారు వాయించే లోర్కన్ ఒకసారి ఉండబట్టలేక అడిగాడు.

"నా గిటారు అసలు వినపడ్డం లేదేంటి?"

"అది కుడివైపు ఉంది."

"మరి బాగుందో లేదో నీకెలా తెలుస్తుంది?"

"అది లేకపోయినా పాట బాగానే ఉంది కదా. ఆలోచించుకో."

లోర్కన్ రెండు వారాలు ఫీలిమ్‌తోనూ, నవ్వినందుకు నాతోనూ మాట్లాడలేదు.

ఫీలిమ్ స్టూడియో అంటే ఆయన పిన్ని మూసేసిన బ్యూటీ పార్లరు. ఆడవాళ్ల జుట్టు ఆరబెట్టే పెద్ద టోపీ మెషీన్లు మూడు ఇంకా గోడవారనే ఉన్నాయి. పాడేవాణ్ణి వాటిలో ఒకదాని కింద కూర్చోబెట్టి, టోపీలోంచి మైకు కిందికి దించుతాడు. మా ఊళ్లో ఇంట్లో పాట రాసుకుని నెట్లో పెట్టుకునే ప్రతి వెధవా, నాతో సహా, ఆ కుర్చీలో కూర్చున్నవాడే. గొంతూ గిటారూ డ్రమ్మూ ఒకదాన్నొకటి తొక్కుకోకుండా సర్దిపెట్టేది ఫీలిమే. సర్దడం అయ్యాక కారు పరీక్ష.

పక్క సీట్లోకి మనుషుల్ని ఎలా పట్టేవాడంటే, దాదాపు ఎత్తుకుపోయేవాడు. ఒకసారి దక్షిణం వెళ్లాలని రోడ్డు మీద లిఫ్టు కోసం చెయ్యి చాపి నిలబడ్డ జర్మన్ జంటను ఎక్కించుకుని ఉత్తరంగా నలభై మైళ్లు తీసుకుపోయాడు, పల్లవి ఇంకా కుదరలేదని. వాళ్లు పోలీసులకు చెప్తారేమో అనుకున్నాం. నెల తరవాత ఆ పాట కింద నెట్లో రాశారు: "డ్రమ్ములు ఇప్పుడు బాగున్నాయి. మేము క్షేమంగా ఇల్లు చేరాం."

ఇంకోసారి చర్చి ఫాదర్ దొరికాడు. పూజ ఇంకో ఐదు నిమిషాల్లో మొదలవ్వాలి. పాటేమో ఎనిమిది నిమిషాలు. ఫీలిమ్ సముద్రం పక్కనుంచి చుట్టు తిప్పి తెచ్చాడు.

"ఫీలిమ్, జనం మోకాళ్ల మీదున్నారు."

"ఇంకొక్క చరణం ఫాదర్. దేవుడు ఎక్కడికీ పోడు."

అలాంటి మనిషి చేతిలో నా బతుకు పెట్టాను.

నేను కాలేజీ రెండో ఏడాది మధ్యలో వదిలేశాను. క్లాసులో నాకు నిద్రొచ్చేది, అంతకంటే పెద్ద కారణం లేదు. జులైలో జరిగే సంగీతోత్సవంలో మా బ్యాండుకి అరగంట ఇస్తామన్నారు. షరతు ఒకటే, ఫలానా శుక్రవారం సాయంత్రం ఐదులోపు కొత్త పాట నెట్లో ఉండాలి. మా నాన్న షరతు కూడా ఒకటే. "ఆ అరగంట దొరికితే నీ దారి నీది. దొరక్కపోతే సోమవారం పొద్దున్నే మీ బాబాయితో చేపల ఫ్యాక్టరీకి." మా బాబాయి ఇంటికొస్తే పిల్లి కూడా ముక్కు ముడుచుకునేది.

పాట ఫిబ్రవరి నుంచి ఫీలిమ్ దగ్గరే ఉంది. ఆయన ఫైళ్లకు పెట్టిన పేర్లు చూశాను. "చివరిది." "చివరిది రెండు." "నిజంగా చివరిది." "అమ్మ మీద ఒట్టు చివరిది." తరవాత ఇంకో పంతొమ్మిది.

ఆ శుక్రవారం పదకొండింటికి పార్లరుకెళ్లి చెయ్యి చాపాను. "ఫైలివ్వు."

"బేసు కొంచెం సన్నంగా ఉందిరా కాహల్. కార్లో ఒక్కసారి."

"అయితే నేనూ వస్తా."

ఎందుకో ఆయన మొహం మాడింది. అయినా వెళ్లి వెనక సీట్లో కూర్చున్నాను.

ఊరి చివర మలుపులో కారు ఆగింది. ఎనభై నాలుగేళ్ల అట్రాక్టా స్వీనీ గేటు దగ్గర సిద్ధంగా ఉంది. మంచి కోటు, లిప్‌స్టిక్కు, చేతిలో తుపాకీలా పట్టుకున్న హ్యాండ్‌బ్యాగు.

"వెనకాల ఈ పిల్లాడెవడు?"

"పాట వీడిదే మిసెస్ స్వీనీ."

"మంచిదే. మొహం మీదే చెప్పొచ్చు."

పాట మొదలైంది. ఆవిడ కళ్లు మూసుకుని చివరిదాకా విన్నది.

"సోమవారం బేసు సన్నంగా ఉంది. బుధవారం లావైంది. ఇవాళ మళ్లీ చిక్కిపోయింది. దీనికేమైనా జబ్బా?"

ఫీలిమ్ చెవులు ఎర్రబడ్డాయి.

"గొంతు ఎలా ఉందండీ?" అన్నాను, బుద్ధి లేక.

"కంచెలో ఇరుక్కున్న దూడలా ఉంది. కానీ ఆ దూడకి బయటపడాలని నిజంగానే ఉంది. ఫీలిమ్, అది మాత్రం తీసెయ్యకు."

తొమ్మిది మైళ్ల తరవాత వృద్ధుల ఆశ్రమం దగ్గర దిగింది. అక్కడ ఆవిడ అక్క కాన్సెప్టా ఉంటుంది, తొంభై ఒక్కేళ్లు. కిటికీలోంచి చూస్తే ఇద్దరూ పేకాడుతున్నారు. కాసేపటికి ముక్కలు ఒకరి మీద ఒకరు విసురుకుంటున్నారు. అరవై ఏళ్ల కిందట ఒక నీలం కోటు ఎవరు చింపారన్నది తగువట. వారానికి మూడు రోజులు ఇదే తగువు. ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి.

"ఓ రోజు సన్నం, ఓ రోజు లావు," అన్నాను. "నువ్వే మారుస్తున్నావు కదూ?"

ఫీలిమ్ చొక్కా చేతితో అద్దం తుడిచాడు. అద్దం శుభ్రంగానే ఉంది.

"నీ పాట మూడు వారాల కిందటే అయిపోయింది."

నాకు ఆయన పీక పట్టుకోవాలనిపించింది.

"ఈ దారిలో బస్సు తీసేశారురా. ఆవిణ్ణి ఊరికే దింపుతానన్నాను. 'జాలి బండి నేనెక్కను' అని వానలో నడిచి వచ్చింది. తొమ్మిది మైళ్లు. నా చెవులు చాలడం లేదు, కాస్త విని పెట్టండి అంటే అప్పుడెక్కింది. పాట అయిపోయిందంటే దిగిపోతుంది."

"వేరే ఎవడి పాటైనా వినిపించొచ్చుగా."

"అందరివీ అయిపోయాయి. వాళ్లందరికీ ఉద్యోగాలొచ్చాయి. మిగిలింది నువ్వొక్కడివే."

"నాకు చెప్పొచ్చుగా."

"నీకు చెప్తే మీ నాన్నకి చెప్తావు. ఆయన పబ్బులో చెప్తాడు. ఆవిడ మళ్లీ నడుస్తుంది."

అది నిజం. మా నాన్న కడుపులో ఏదీ దాగదు.

నేను గొప్ప మనసున్నవాణ్ణేం కాదు. ఆ క్షణాన నా ముక్కుకి చేపల వాసన తప్ప ఏమీ తెలియలేదు. ఫైలు ఫీలిమ్ ఫోన్‌లో ఉంది. లాక్కుని, సిగ్నల్ కోసం ఆశ్రమం గోడెక్కి నిలబడ్డాను. మూడున్నరకి పాట నెట్లోకెక్కింది. ఫీలిమ్ స్టీరింగు మీద తల పెట్టుకుని కూర్చున్నాడు.

తిరుగు దారిలో ఆవిడకి నేనే చెప్పాను. "పాట అయిపోయింది మిసెస్ స్వీనీ. నెట్లో పెట్టేశాం."

"మంచిది," అని ఆవిడ కిటికీ వైపు తిరిగింది. బ్యాగు పట్టీని వేలికి చుట్టుకుంటోంది. "అయితే ఫీలిమ్‌కి ఇక నాతో పని లేదన్నమాట."

ఒక గొర్రె వెంట్రుకవాసిలో బతికింది.

"ఇంకా పదకొండు ఉన్నాయండీ," అన్నాను. నా దగ్గర ఒక్కటి కూడా లేదు. జీవితం మొత్తమ్మీద రాసిందే ఆ ఒక్క పాట. "అన్నీ దీనికన్నా దరిద్రంగా ఉన్నాయి."

"ఉండవూ మరి," అంటూ ఆవిడ బ్యాగులోంచి చిన్న డైరీ తీసింది. "సోమ, బుధ, శుక్ర. పన్నెండింటికి. ఆలస్యమైతే నేను రాను, నాకు వేరే పనులున్నాయి."

అద్దంలో ఫీలిమ్ నన్ను చూశాడు. రోడ్డు ఎలాగూ చూడడు.

జులైలో అరగంట వాయించాం. వానలో నలభై మంది విన్నారు. అందులో తొమ్మండుగురు మా చుట్టాలు. ఆ పదకొండూ అయిపోయాయి, తరవాత ఇంకో పంతొమ్మిది. రెండేళ్లలో ముప్పై ఒక్క పాటలు. మొన్న డబ్లిన్ నుంచి ఒక వెబ్‌సైటువాడు ఫోన్ చేశాడు.

"అంత వేగంగా ఎలా రాస్తున్నారు? మీ స్ఫూర్తి ఎవరు?"

"కాన్సెప్టా," అన్నాను.

అందమైన పేరన్నాడు. ఎప్పుడు పెళ్లని అడిగాడు.

ఆవిడకిప్పుడు తొంభై మూడు. డాక్టరు చూసి, గుండె గుర్రం గుండెలా ఉంది, ఇంకో పదేళ్లకి ఢోకా లేదన్నాడట. ఆ కబురు చెప్పడానికి ఫీలిమ్ పొద్దున్నే మా ఇంటికొచ్చి హారను మోగించాడు, పండగలాగా. నేను తిట్టుకుంటూ గిటారు తీశాను. బుధవారానికి ఒకటి కావాలి.