పచ్చబల్లి, నా జువాలజీ పాండిత్యం

ఆ రోజుల్లో మాదాపూర్‌లో ఇన్ని అద్దాల మేడలు లేవు. ఉన్నవల్లా బండరాళ్ళు, వాటి మధ్య కట్టుబడి పనులు, ఆ దుమ్ములోంచి టై సర్దుకుంటూ నడిచొచ్చే మాలాంటి కొత్త సాఫ్ట్‌వేర్ పెళ్ళికొడుకులు. బీయస్సీ జువాలజీ చదివి, మూడు నెలల్లో కోబాల్ అనే కంప్యూటరు భాష నేర్చేసుకుని (నేర్చుకున్నాననే అందరికీ చెప్పాను) ఉద్యోగంలో చేరిన నాకు, ఎవరైనా ఏదైనా అడిగితే బాగుండునని ఒకటే దురద. తెలిసిన జవాబు కడుపులో దాచుకోవడం నా వల్ల అయ్యే పని కాదు.

అడిగే రోజు రానే వచ్చింది. మా ప్రాజెక్టు లీడరు గారికి ఎవరో స్నేహితుడు పెంచుకోమని బల్లిలాంటి జీవిని ఇచ్చాడట. చిలకపచ్చ ఒళ్ళు, వీపున ఎర్ర చుక్కలు. ఆఫీసులోనే ఒక గాజుపెట్టెలో అరటిపండు గుజ్జు నాకుతూ పగలంతా చురుగ్గా తిరిగేది, సాయంత్రం కాగానే పడుకునేది (మాలో ఎవరికీ లేని క్రమశిక్షణ). "మీరు జువాలజీ కదండీ, ఇదేం జాతో సోమవారానికల్లా తేల్చండి" అన్నారాయన. ఇక చూడండి నా హడావుడి! ఫోను లైను మీద నడిచే ఇంటర్నెట్‌లో బొమ్మ గీత గీతగా కిందికి దిగేది. తల కనబడేసరికి టీ వేళయ్యేది, తోక వచ్చేలోపు లైను తెగిపోయేది. అయినా పట్టు వదల్లేదు. రెప్పల్లేని కళ్ళు, గుండ్రటి కనుపాప, ముక్కు నుంచి కంటి దాకా ఎర్ర గీత. సోమవారం పొద్దునకి తేలింది: మడగాస్కర్ పెద్ద పగటి బల్లి.

అందరినీ పిలిచి, ఆ ఎర్ర గీత చూపిద్దామని మూత తీశాను. అంతే, అది ఒక్క గెంతు గెంతి, చాయ్ తెస్తున్న అక్క నడినెత్తి మీద పడింది. (బోరబండ నుంచి వచ్చి ఆఫీసు ఊడ్చి, మాకు చాయ్ పోసే మనిషి. మా అందరికీ అక్కే.) గబుక్కున పట్టుకోబోతే తోక ఊడి నా చేతిలోకొచ్చింది, మిగతాది బీరువా వెనక్కి పారిపోయింది. అక్క నెత్తి తడుముకుంటూ, "పచ్చగున్నది, బల్లి కాదు గద సారూ?" అనడిగింది. నేను గొంతు సవరించుకున్నాను. "బల్లే! నూటికి నూరుపాళ్ళూ బల్లే, అనుమానమే లేదు!"

అక్క అక్కడే కూలబడింది. "నెత్తిమీద బల్లి పడితే పానానికి గండమంటరు. నాకిద్దరు చిన్న పిల్లలు సారూ, నేను లేకుంటె వాళ్ళకెవరున్నరు?" అని ఏడవసాగింది. బల్లిశాస్త్రంలో రాసింది మన గోడబల్లి గురించి, ఇది పైదేశపుది అని నసిగాను. "బల్లి అన్నంక ఏ దేశపుదైతె ఏంది?" అంది. ఇక గత్యంతరం లేక, చేతిలో తోక ఇంకా గిలగిల కొట్టుకుంటుండగానే, "అయ్యో, పొరబడ్డానక్కా! ఇది ఊసరవెల్లి జాతి" అనేశాను. లీడరు గారు నవ్వాపుకోలేక, "రెండు రోజులు కూర్చుని కనుక్కున్నది ఇదాండీ?" అన్నారు. ఆఫీసంతా గొల్లుమంది. అక్క మాత్రం నన్ను కాసేపు చూసి, కళ్ళు తుడుచుకుని, "అట్లనా, అయితె ఫికర్ లేదు" అంటూ లేచింది.

మర్నాడు చాయ్ ఇస్తూ మెల్లగా అంది: "ఊసరవెల్లికి తోక ఊడుతదా సారూ? ఇంటికి పోయి తలకు పోసుకున్న, దేవునికి దీపం పెట్టిన. ఇగ ఏం గాదు."

"మరి నిన్న నమ్మినట్టు లేచావేం?"

"నాకంటె నువ్వే పరేషాన్ అయితుంటివి. అందరు నవ్వుతుండిరి, పాపమనిపిచ్చింది."

చాయ్ పొలమారింది నాకు. చావుభయంలో ఉండి కూడా ఆమె నా మొహం చూసింది. నేనేమో బల్లి ఒంటి మీది చుక్కలన్నీ చూశాను గానీ, అడుగుతున్న ఆమె మొహం చూడలేదు. ఇప్పటికీ ఆ టై కట్టిన పండితుడు గుర్తొస్తే నవ్వొస్తుంది. దగ్గరికి పిలిచి చెవి మెలేయాలనిపిస్తుంది కూడా.