నా నొప్పి నాకు తెలుసన్న వైద్యురాలు

చిక్కడపల్లిలో మా వీధి చివర ఆయుర్వేద వైద్యం చేసే, వీధంతా అమ్మ అని పిలిచే పెద్దావిడ పోయిన వారం కన్నుమూశారు. కడుపులో క్యాన్సర్ అని ఆమె కోడలు ఆసుపత్రి నుంచి ఫోన్‌లో చెబితే, తప్పుగా విన్నానేమోనని మళ్లీ అడిగాను. వీధిలో అందరి కడుపులూ చక్కబెట్టిన మనిషి కడుపు జబ్బుతో పోవడమేమిటి?

అశోక్ నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదివే రోజుల్లో ఆమె దగ్గరికి మొదటిసారి వెళ్లాను. టీ, మిర్చి బజ్జీలతో పూటలు గడిపేదాన్ని. కడుపుబ్బరం, సాయంత్రానికి తలనొప్పి. వాము, జీలకర్ర వేయించి దంచిన పొడి ఇచ్చి, "ఆకలి పిలిస్తే పలుకు బిడ్డా. పిలిచి పిలిచి అదే ఊకుంటది" అన్నారు. తగ్గింది. పొడితోనా, వేళకు తినడంతోనా, ఇప్పటికీ తెలియదు. అడిగితే, "తగ్గింది గద, ఇంకేం పంచాయితి?" అని నవ్వేవారు.

పెళ్లయి ఇదే వీధిలో కాపురం పెట్టాక ఒక పొద్దున వేరే రకం తలనొప్పి వచ్చింది. జ్వరం, మెడ బిగుసుకుపోయింది, వెలుతురు చూడలేకపోయాను. నుదుటికి శొంఠి పట్టు వేయమని వెళ్లాను. ఆమె నా మెడ వంచి చూసి, "దీనికి నేను మందియ్య. ఇది నా చేతిలది కాదు" అంటూ ఆటో పిలిచి, నారాయణగూడలో ఒక ఆసుపత్రికి తనే తీసుకెళ్లారు. మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ సోకిందని, ఆలస్యమైతే దక్కేదాన్ని కాదని డాక్టర్ చెప్పాడు.

అలాంటి మనిషి, నిరుడు తన పళ్లెంలో అన్నం సగంలోనే వదిలేయడం మొదలుపెట్టారు. కోడలు ఆసుపత్రికి రమ్మంటే, "అరుగుదల తగ్గింది, వయసాయె" అని దాటవేసేవారట. నేనూ అడిగాను.

"నన్ను తీస్కపోయిన్రు గదమ్మా, మీరు రారేంది?"

"నీ నొప్పేందో నాకు తెల్వలే, అందుకే తీస్కపోయిన. నా నొప్పి నాకు తెలుసు."

ఏం తెలుసు? వట్టి అజీర్తి అని నమ్మారా? లేక అసలు సంగతి గ్రహించే ఊరుకున్నారా? కోడలిని అడిగితే, "మాకు గూడ సమజ్ కాలే అక్కా" అంది.

మొన్న ఆ ఇంటికి వెళ్లేసరికి అరుగు మీద ఒక తాపీ పనివాడు తల పట్టుకుని కూర్చున్నాడు. అమ్మ కోసం అడిక్‌మెట్ నుంచి వచ్చాడు. అమ్మ ఇక లేరని చెప్పాను. వెళ్లిపోతాడనుకున్నాను, కదల్లేదు.

కోడలు బయటికి వచ్చి, "ఏమన్న తిన్నవా?" అని అడిగింది.

అతను తల అడ్డంగా ఊపాడు.

ఆమె లోపలికి వెళ్లి మజ్జిగన్నం కలిపి తెచ్చి అతని ముందు పెట్టింది. తలుపు మూసి ఉన్న అమ్మ గది వైపు చూస్తూ, అతను మెల్లగా తినసాగాడు.