అత్తయ్య పిడికెడు బియ్యంలో నా పేరు

గత మంగళవారం పొద్దున్న మొగల్తూరులో మా మేనత్త కన్నుమూసింది. కాకినాడలో ఆఫీసుకి బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటుంటే ఫోన్ వచ్చింది. ఏడుపుకంటే ముందు ‘హమ్మయ్య, కిందటి నెల వెళ్లొచ్చాను’ అనిపించింది. నన్ను తిట్టుకోకండి, ఎందుకో చెబుతాను.

మా చర్చి ఆడవాళ్లకి ఒక అలవాటుంది. రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యం చర్చికి పట్టుకెళ్తారు. అత్తయ్య మాత్రం ఆ పిడికిలి ఊరికే విప్పేది కాదు. బిగించి పట్టుకుని, ఇంట్లోవాళ్లవీ, చుట్టాలవీ, పాలుపోసే ఆయనతో సహా అందరి పేర్లూ దేవుడికి చెప్పేది. “ఎసరు ఇగిరిపోతోంది అత్తయ్యా!” అని అరిస్తే, “ఇగరనీ, ఇంకో గ్లాసుడు పోద్దాం. మనిషి మిగిలిపోతే ఎలాగమ్మా?” అనేది.

నాన్న చనిపోయిన ఏడాది నాకు దేవుడి మీద ఒళ్లు మండిపోయింది. వంటింటి గుమ్మంలో నిలబడి, “నా పేరు తీసెయ్ అత్తయ్యా. మీ దేవుడికీ నాకూ మాటల్లేవు” అన్నాను. నాన్న ఆవిడకి సొంత తమ్ముడు. ఆ సంగతి కూడా నాకప్పుడు పట్టలేదు. ఆవిడ కోప్పడలేదు.

“సరేనమ్మా, తీసేస్తాను. నువ్వు పుట్టకముందు నుంచీ ఆయనకి తెలిసినదానివి. నేను చెప్పకపోతే మర్చిపోతాడా ఏంటి?” అంది.

మాట నిలబెట్టుకుంది. నా పేరు రావాల్సిన చోట కాసేపు ఆగి, తర్వాతి పేరుకి వెళ్లేది. అలా ఆగితే నాకు తెగ చిరాకు. అయినా వెళ్లినప్పుడల్లా వంటింటి దగ్గరే తచ్చాడేదాన్ని, ఆగుతుందో లేదోనని.

మళ్లీ కలపమని అడగడానికి మొండితనం అడ్డొచ్చింది. ఈలోగా ఆవిడకి మతిమరుపు జబ్బు పట్టుకుంది. ముందు పాలాయన పేరు పోయింది, తర్వాత కోడలిది, ఆఖరికి సొంత కొడుకుది. నాకు గుబులు మొదలైంది. నా గురించి దేవుడి దగ్గర మాట్లాడేది ఆవిడొక్కతే. ఆ కాస్తా చేజేతులా నేనే తీయించుకున్నాను. ఇప్పుడు ఎక్కడ ఆగాలో కూడా ఆవిడకి గుర్తుండదు కదా!

ఆ గుబులు తీరకుండానే ఆవిడ పోయుంటే నేనేమైపోయేదాన్నో. కిందటి నెల వెళ్లేసరికి మంచం మీద కూర్చుని ఉంది. “ఎవరమ్మా నువ్వు?” అంది. రెండుసార్లు చెప్పాను. తెలియదన్నట్టు తలూపింది.

“పోనీ దేవుడికైనా నా గురించి చెప్పు అత్తయ్యా” అంటూ చిన్నపిల్లలా ఏడ్చేశాను. ఆవిడ కంగారుపడి, కొంగుతో నా ముఖం తుడిచి, నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుంది.

“తండ్రీ, ఈ అమ్మాయెవరో నాకు తెలీట్లేదు. నీకు బాగా స్నేహమున్న మనిషే అయ్యుంటుంది, లేకపోతే నీతో చెప్పమని ఇంత ఏడవదు. మీరూ మీరూ మాట్లాడుకోండి. నేను కాస్త నడుం వాలుస్తాను.”

అని, నా చెయ్యి నా ఒళ్లో పెట్టేసి, గోడవైపు తిరిగి పడుకుంది. కాసేపటికి చిన్నగా గురక వినపడింది. అన్నేళ్ల తర్వాత, ఆయన్ని ముందుగా ఏమని పలకరించాలో తెలియక, నేను ఆ మంచం పక్కనే కూర్చుండిపోయాను.