బొట్టు పెట్టిన మాను

ఏబెల్‌తో పదకొండేండ్లుగా పని చేస్తా ఉండాను. రోడ్ల పక్కన ప్రమాదంగా ఉండే మానులు కొట్టే గ్యాంగు మాది. వాడు పైకెక్కి కోస్తాడు, నేను కింద మోకు పట్టుకుంటా. గొడ్డలి వెనకతట్టుతో మాను మొదట్లో రెండు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి, "లోపల డొల్లప్పా గోవిందూ" అన్నాడంటే అది డొల్లే. ఎర్రరంగు గీత గీసేసి, వారంలోపల కొట్టేస్తాం.

ఈ గీతతోనే వస్తాది తంటా. తెల్లారేసరికి ఎవరో ఆ మానుకు పసుపు పూసి, బొట్టు పెట్టి, ఎర్రగుడ్డ చుట్టేస్తారు. ఇంక అది అమ్మవారు. మాలో ఎవరం తాకం. నేనైతే చెప్పులు ఇడిచి, మొక్కి, పక్కకొచ్చేస్తా. చర్చికి పోయేవాడివి కదా, నీకేం కాదులేబ్బా అని ఏబెల్‌నే ముందుకు తోసేవాళ్ళం. ఎంత సిగ్గుమాలిన మనుషులమో చూడండి.

మొన్న ఎండాకాలంలో చంద్రగిరి రోడ్డు మీద ఒక యాపమానుకు గీత గీసినాం. దాని కిందనే పంకజాక్షమ్మ ఇడ్లీబండి. మర్నాడు పోతే బొట్టు ఉండాది. ఏబెల్ గొడ్డలి తీసేలోపల ఆయమ్మ మానును వాటేసుకునింది.

"ఈ నీడ పోతే నా యాపారం యాడ పెట్టుకునేది? నీకు మా అమ్మవారంటే లెక్కలేదు, అందుకే కొడతాండావు!"

వాడి మొహం మాడిపోయింది. "డొల్లని నువ్వన్నా చెప్పప్పా," అని నాకల్లా చూసినాడు. అమ్మవారికి మొక్కే నాబోటోడు చెప్తే ఆమె ఇనుండేది. నేను మాత్రం చెప్పులు ఇడిచి మొక్కినాను. వాడు గొడ్డలి లారీలో పడేసి, "సోమారం వస్తాంలేమ్మా," అన్నాడు.

శనివారం పొద్దున గాలివానకు ఆ మాను మొదలంటా ఇరిగి బండి మీద పడింది. ఆమెను తీయను మమ్మల్నే పిలిచినారు. ఏబెల్ మూడు గంటలు కోసినాడు. ఆమె ఎప్పుడో పోయింది. పసుపు పూసిన మొద్దును మిగతావాటితోనే లారీకెత్తినాం. నాకు ఏడుపు రాలే. ఇంటికి పోయి అన్నం తిన్నాను, రెండోసారి పెట్టించుకున్నాను కూడా. తల్చుకుంటే నామీద నాకే అసయ్యం.

అప్పట్నించీ ఏబెల్ నవ్వడు, కోప్పడడు. వస్తాడు, కోస్తాడు, పోతాడు.

నిన్న ఏర్పేడు దగ్గిర ఇంకో యాపమాను, అదీ డొల్లే. ఒక ముసిలామె పసుపు పూస్తా ఉండాది. ఆమె పూసేదంతా పూసి, బొట్టు పెట్టేదాకా ఏబెల్ నిలబడే ఉన్నాడు. ఆమె తిరిగి గొడ్డలి చూసింది.

"నీ సేతులు పడిపోను!"

"పడిపోనీలేమ్మా. నువ్వు పక్కకు రా," అన్నాడు వాడు. గొంతులో కోపం గూడా లేదు.

ఆమె కదల్లే. నేను పోయి, "మాను లోపల డొల్లవ్వా, నీమీద పడతాది," అని చెప్పి, చెయ్యి పట్టుకుని ఇవతలికి తీసుకొచ్చి కూర్చోబెట్టినాను. తిరిగి పోయి ఏబెల్ చేతిలో గొడ్డలి తీసుకున్నాను. చెప్పులు ఇడవలే.