రెండు వందల బస్కీలు

నేను నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను. పదకొండేళ్ళుగా మొదటి సంవత్సరం పిల్లలకు శరీర నిర్మాణం చెప్పేది నేనే. అస్థి కండరాల పాఠం వచ్చినప్పుడు బోర్డు మీద బొమ్మ వేసి, భాగాల పేర్లు రాసి, పరీక్షలో తప్పకుండా వస్తుందని చెప్పి వదిలేసేదాన్ని. ఆ బొమ్మలోని పోగులన్నీ మా ఎదురింటి ఆమె తొడల్లో చిట్లిపోయాక గానీ, నేనేం చెప్తున్నానో నాకు సరిగా తెలియలేదు.

మేముండేది కన్నడ నగరంలో. కె.ఆర్.పురంలో మా వఠారంలో ఆరు వాటాలు. ఎదురు వాటాలో ఉండే ఆమెది మడకశిర దగ్గర పల్లె. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది, నన్ను అక్కా అంటుంది. భర్త జిగణిలో ఫ్యాక్టరీ పని, అక్కడే గదిలో ఉండి ఆదివారాలు వస్తాడు. ఈమె ఆరేళ్ళు ఒక ఆఫీసులో నేల తుడిచింది. తర్వాత ఆ పని మానేసి ఒక సెక్యూరిటీ ఏజెన్సీలో లేడీ గార్డుగా చేరింది. ఎందుకు మారావని అడిగితే, “యూనిఫారం ఏసుకుంటే ఎవురూ ఏయ్ అని పిల్చరక్కా. మేడం అంటారు” అంది.

గార్డుగా నిలబెట్టే ముందు పది రోజులు ట్రైనింగు. ఏజెన్సీ ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో పొద్దున్నే పరుగు, కవాతు. అయిదో రోజు బస్సు ఆలస్యమై ఈమె ఎనిమిది నిమిషాలు లేటుగా వెళ్ళింది. ట్రైనరు ఈమెను బ్యాచ్ ముందు నిలబెట్టి రెండు వందల బస్కీలు తియ్యమన్నాడు. మనం గుంజీళ్ళంటామే, వాటిని ఇక్కడ అందరూ బస్కీలే అంటారు. వంద దాటేసరికి కాళ్ళు వణికాయట. ఆగితే మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెడతానన్నాడట. తనకంటే పదిహేనేళ్ళు చిన్నవాళ్ళు వరసలో నిలబడి చూస్తుంటే ఈమె రెండు వందలూ పూర్తిచేసింది. అయ్యాక ఇద్దరు అమ్మాయిలు రెక్కలు పట్టుకుని లేపి గట్టు మీద కూర్చోబెట్టారు.

మర్నాడు పొద్దున నీళ్ళ కొళాయి దగ్గర గోడ పట్టుకుని నడుస్తూ కనిపించింది. సంగతి చెప్పింది. నేనేమన్నానో ఇక్కడ రాయకపోతే మిగతాదంతా రాసే హక్కు నాకు లేదు. నవ్వి, “కొత్త కదా, ఒళ్ళు అలవాటు పడుతుందిలే. రెండు రోజుల్లో అదే తగ్గుతుంది” అన్నాను. పదకొండేళ్ళు కండరాల పాఠం చెప్పిన నేను అన్న మాట అది. ఆమె ఆ రోజు కూడా ట్రైనింగుకు వెళ్ళింది. సాయంత్రం నొప్పి భరించలేక మా వీధి చివరి క్లినిక్కుకు పోతే, అక్కడి డాక్టరు ఒక ఇంజెక్షను పొడిచి, నొప్పి మాత్రలు రాసిచ్చి పంపాడు.

మూడో రోజు పొద్దున నేను కాలేజీకి బయల్దేరుతుంటే వాళ్ళ తలుపు దగ్గర్నుంచి పిలుపు వినిపించింది.

“అక్కా, ఒకసారి రాక్కా.”

లోపలికి వెళ్ళాను. చాప మీద కూర్చుని ఉంది. లేవలేకపోతోంది. రెండు తొడలూ వాచి, చర్మం బిగిసి మెరుస్తోంది. వేలు పెడితే గట్టిగా తగిలింది.

“చెప్పేకి సిగ్గయితాది అక్కా. ఒంటికి పోతే నల్లగా వస్తా ఉండాది. డికాషన్ మాదిరి.”

“ఎప్పట్నుంచి?”

“నిన్న మధ్యాన్నం నుంచి.”

“క్లినిక్కులో డాక్టరుకు చెప్పావా?”

“ఆయప్ప అడగలేదు. నాకు చెప్పాలని తెలీలేదు.”

కండలు విపరీతంగా చిట్లితే వాటిలోని సరుకు రక్తంలో కలుస్తుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పాఠం చివర రెండు వాక్యాలుగా నేను చెప్పేదే ఇది. అలాంటి మనిషికి నొప్పి మాత్రలు ఇంకా చెరుపు చేస్తాయి. ఆమె దగ్గర ఆ మాత్రల అట్టలో నాలుగు ఖాళీగా ఉన్నాయి.

ఆటో పిలిచి, పక్కవాళ్ళ సాయంతో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఎమర్జెన్సీలో కుర్ర డాక్టరు ఆమెను చూసి, “ఎక్సర్‌సైజ్ చేశారా? మజిల్ పెయిన్ అంతే” అని చీటీ రాయబోయాడు. నేను ఆయన పెన్ను మీద చెయ్యి పెట్టాను. జీవితంలో ఎప్పుడూ ఏ డాక్టరు ముందూ అలా చేయలేదు.

“ముందు ఆమె మూత్రం చూడండి. తర్వాత రాయండి.”

కోపంగా చూశాడు. కానీ సీసా తెచ్చి చూపించేసరికి అతని మొహం మారింది. రక్తం తీశారు, సెలైన్ రెండు చేతులకూ పెట్టారు, నొప్పి మాత్రలు ఆపేశారు. మధ్యాహ్నం పెద్ద డాక్టరు వచ్చి రిపోర్టులు చూసి, “ఇంకొక్క రోజు ఇంట్లో ఉండుంటే డయాలసిస్ మీద ఉండేది” అన్నాడు. భర్తకు ఫోన్ చేశాను. జిగణి నుంచి పని బట్టల్లోనే వచ్చాడు. ఆమె పాదాల దగ్గర నిలబడి, దుప్పటి సర్దుతూ ఉండిపోయాడు.

రెండో రోజుకు మూత్రం రంగు కాస్త తేలిక పడింది. ఆమె నన్ను అడిగింది, “నేను తీసింది బస్కీలు గదా అక్కా. కాళ్ళు నొస్తే నొయ్యనీ, ఒంటికి ఎందుకు నల్లగా వచ్చింది?”

అన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను ఎవరూ ఇంత సరైన ప్రశ్న అడగలేదు. మంచం అంచున కూర్చున్నాను.

“కొబ్బరి తాడు చూశావు కదా. విప్పితే పాయలు, పాయ విప్పితే పీచు. తొడలో కండ కూడా అంతే. కట్టలు కట్టలుగా ఉంటుంది. ఒక్కో కట్టలో వెంట్రుకంత సన్నటి తంతువులు. ఒక్కో తంతువులో మళ్ళీ కంటికి కనపడని పోగులు. ఆ పోగుల్లో లావువి కొన్ని, సన్నవి కొన్ని, ఇట్లా ఉంటాయి.” నా రెండు చేతుల వేళ్ళు ఒకదాని సందుల్లో ఒకటి పెట్టి చూపించాను. “లేవాలని నువ్వు అనుకోగానే నరం కబురు తెస్తుంది. తంతువు లోపల చిన్న సంచుల్లో దాచిన కాల్షియం బయటికొస్తుంది. అప్పుడు లావు పోగులు సన్న పోగుల్ని పట్టుకుని లాగుతాయి, వదులుతాయి, మళ్ళీ పట్టుకుని లాగుతాయి. బావిలోంచి చేద లాగినట్టు.” వేళ్ళను లోపలికి జరిపాను. “చూడు, ఏ వేలూ పొట్టిది కాలేదు. ఒకదానిలోకి ఒకటి జరిగాయి, అంతే. కండ బిగుసుకోవడమంటే ఇదే.”

“వదిలేది సులువే గదా?”

“కాదు. పట్టు విడవడానికీ శక్తి కావాలి, ఆ కాల్షియాన్ని మళ్ళీ సంచుల్లోకి తోడడానికీ శక్తి కావాలి. అలిసిపోయిన కండ సరిగా వదల్లేదు కూడా. అందుకే పట్టేస్తుంది.”

ఆమె తన తొడ మీద చెయ్యి పెట్టుకుని వింటోంది.

“బస్కీలో లేచేటప్పుడు కండ పొట్టిదవుతూ లాగుతుంది. కూర్చునేటప్పుడు ఊరుకోదు. ఊరుకుంటే దబ్బున పడతావు. సాగిపోతూనే లాగి పట్టుకుంటుంది. ఎక్కువ చిట్లేది అప్పుడే. నువ్వు రెండు వందల సార్లు కూర్చున్నావు. చివరికి తంతువుల పైపొరలు చిరిగాయి. శక్తి అయిపోయింది, కాల్షియం లోపలికి పొంగి కండను కండే తినేసింది. కండకు ఎరుపునిచ్చే పదార్థం రక్తంలోకి కారింది. దాన్ని వడకట్టలేక కిడ్నీలు అవస్థ పడ్డాయి. నల్లగా వచ్చింది అదే.”

ఆమె దుప్పటి తప్పించి తన తొడల వైపు చూసుకుంది. తర్వాత మెల్లగా అంది, “అంటే నా కండే కరిగి పోయిందా అక్కా.”

అవునన్నాను. ఆ రోజు కాలేజీ బాత్‌రూములో తలుపేసుకుని ఏడ్చాను. జాలితో కాదు, ఉక్రోషంతో. ఎనిమిది నిమిషాల ఆలస్యానికి ఇంత శిక్షా అని.

ఆరు రోజుల తర్వాత ఇంటికి పంపారు. కిడ్నీలు తేరుకున్నాయి. మరో రెండు వారాలకు మెట్లు ఎక్కగలిగాక, ఆమె, నేను కలిసి ఏజెన్సీ ఆఫీసుకు వెళ్ళాము. ఓనరుది చిత్తూరు వైపు, మాతో తెలుగులోనే మాట్లాడాడు. ట్రైనరు మెడలో ఈలతో, చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడ్డాడు.

“మేడం, ఆయమ్మకు ముందే ఏదో జబ్బు ఉండాది. లేకుంటే మిగతా వాళ్ళకు ఎందుకు కాలేదు?” అన్నాడు ఓనరు.

“మిగతా వాళ్ళ చేత రెండు వందలు తీయించారా?”

ట్రైనరు కలగజేసుకున్నాడు. “కష్టపెడితేనే కండ పెరుగుతుంది మేడం. మేమంతా ఇట్లనే నేర్చుకున్నాం.”

“సగం నిజం చెప్పారు,” అన్నాను. “కొంచెం చిట్లితే, విశ్రాంతిలో బాగుపడి కండ పెరుగుతుంది. వారాల మీద, కొంచెం కొంచెంగా. అలవాటు లేని మనిషిని నిలబెట్టి ఒక్క పూటలో చేస్తే పెరగదు, చస్తుంది. మీకు కండ గురించి తెలియదు. తెలియని దాని మీద మీకు ఈల ఎవరిచ్చారు?”

ఓనరు సొరుగులోంచి ఒక కాగితం తీసి ఆమె ముందుకు జరిపాడు. కన్నడంలో ఉంది. సంతకం పెడితే సోమవారం నుంచి డ్యూటీలో వేస్తానన్నాడు. నేను అందుకోబోయాను గానీ ఆమె ముందే తీసుకుంది. మడకశిర బడిలో ఆమె చదివింది కన్నడమే. పెదాలు కదుపుతూ మొత్తం చదివింది. ఇంట్లో బచ్చలు గదిలో జారిపడి కాళ్ళు వాచాయని రాసి ఉంది. బాత్‌రూముకు ఇక్కడ మావాళ్ళు అనే మాట అది.

ఆమె కాగితం బల్ల మీద పెట్టింది.

“నేను జారలేదు సార్. నన్ను కూసోబెట్టినారు, లేపినారు.”

“ఆలోచించుకోమ్మా. ఉద్యోగం...”

“ఆలోచించినా సార్. ఆరు రోజులు పండుకోని ఆలోచించినా.”

బయటికొచ్చాక బస్టాపులో కూర్చున్నాము. నేను ఇంకా రుసరుసలాడుతూనే ఉన్నాను. ఆమె మాత్రం మంచినీళ్ళు తాగి, ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలని అడిగింది.

కార్మిక శాఖలో ఇచ్చాము. వాళ్ళు ఓనరును పిలిపించారు, అడిగారు, మా రిపోర్టులు చూశారు. ట్రైనింగులో ఇకపై అలాంటి శిక్షలు ఉండవని ఓనరు రాసిచ్చాడు. తప్పు జరిగిందని మాత్రం ఒక్క ముక్క రాయలేదు. నేను వీధి చివరి క్లినిక్కుకు కూడా వెళ్ళి, మూత్రం రంగు ఎందుకు అడగలేదని నిలదీశాను. “ఇంతమంది పేషెంట్లలో అన్నీ అడగడానికి అవుతుందా?” అన్నాడాయన, తర్వాతి మనిషిని పిలుస్తూ. కొళాయి దగ్గర నేను అన్న మాటకు ఆమెను క్షమాపణ అడిగాను. “నీకెట్ల తెలుస్తాదిలే అక్కా” అంది. నాకు తెలిసి ఉండాల్సింది. అదే నా బాధ.

ఇప్పుడామె ఒక లేడీస్ హాస్టల్ గేటు దగ్గర పని చేస్తోంది. అక్కడి అమ్మాయిలు మేడం అనరు, ఆంటీ అంటారు. ఆమెకు అదేమీ కష్టంగా లేదు.

కిందటి నెల ఆమె పాత బ్యాచ్ అమ్మాయి ఒకతి ఫోన్ చేసింది. ఆ ట్రైనరును తీసెయ్యలేదు, ఊరి అవతల ఇంకో చోటికి మార్చారట. అక్కడ కూడా బస్కీలేనట. నేను కేకలు వేశాను. ఆమె లోపలికి వెళ్ళి నోటుపుస్తకం తెచ్చి రెండో ఫిర్యాదు తానే కన్నడంలో రాసింది. నాకు చదివి వినిపించింది. ఎన్ని తీయించాడో అందులో లేదు.

“సంఖ్య రాయలేదే?” అన్నాను. “కార్మిక శాఖ వాళ్ళు ముందు అదే అడుగుతారు.”

“ఎన్నని రాసేదక్కా? ఆలస్యమైందని పెద్ద మనిషి చేత పది తీయించినా తప్పే గదా.”

ఆమె కింద సంతకం పెట్టింది. సోమవారం ఇద్దరం వెళ్ళి ఇచ్చి, రసీదు తీసుకుని వచ్చాము. ఇంకా జవాబు రాలేదు.