లంకలోకి కొట్టుకొచ్చిన అడవిదున్న

తొంభైల మధ్యలో నేను రాజమండ్రిలో అటవీ రేంజి అధికారిగా చేరాను. రేంజి అధికారి అంటే కింద బీటు గార్డులకూ, పైన డివిజను అధికారి డి.ఎఫ్.ఓ. గారికీ మధ్య నిలబడి, అడవిలో జరిగే ప్రతిదానికీ జవాబు చెప్పుకోవలసినవాడు. అక్కడ చేరిన ఏడాదే గోదావరికి పెద్ద వరద వచ్చింది. నీళ్ళు తీశాక, ధవళేశ్వరం ఆనకట్టకు ఎగువన ఉన్న ఒక లంకలో అడవిదున్న కనబడిందని పడవవాళ్ళు కబురు చెప్పారు. పాపికొండల వైపు నుంచి వరదలో కొట్టుకొచ్చి ఉంటుంది.

మర్నాడు పశువైద్యుడు డాక్టర్ సత్యనారాయణ గారితో కలిసి లంకకు వెళ్ళాను. రెల్లు దుబ్బుల మధ్య నిలబడి ఉంది. బాగా ఎదిగిన మగది. ఒంటి మీద ఇంకా బురద ఆరలేదు. వెనక ఎడమకాలు మోకాలి కింద విరిగి వేలాడుతోంది. గాలి మా వైపు తిరిగినప్పుడు కుళ్ళు వాసన వచ్చింది. డాక్టరు గారు చాలాసేపు బైనాక్యులర్లో చూసి నాకందించారు.

"మత్తు ఇచ్చి పట్టుకోవచ్చు కదండీ?" అని అడిగాను.

"పట్టుకుని ఏం చేస్తామండీ? ఇంత బరువున్న జంతువుకి ఆ ఎముక అతకదు. పురుగు పట్టేసింది. రోజులు గడిచే కొద్దీ దానికి నరకమే" అన్నారు.

అడవిదున్న చట్టం గట్టిగా కాపాడే జంతువు. కోలుకునే ఆశ లేదని తేలితేనే, అదీ రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా కారణం చూపి ఉత్తర్వు ఇస్తేనే చంపాలి. ఎవరు కాల్చాలో కూడా ఉత్తర్వులోనే ఉంటుంది. డాక్టరు గారి నివేదిక డి.ఎఫ్.ఓ. గారి ద్వారా హైదరాబాదు వెళ్ళింది. ఉత్తర్వు ఫ్యాక్సులో వచ్చింది. అందులో నరసింహరాజు గారి పేరు ఉంది.

రాజు గారిది భీమవరం దగ్గర ఊరు. చేపల చెరువులున్న ఆసామి. వేట మీద నిషేధం రాకముందు, కుర్రతనంలో, తండ్రి గారితో ఏజెన్సీ అడవులు తిరిగిన మనిషి. తండ్రి గారి పెద్ద రైఫిలు లైసెన్సుతో ఆయన దగ్గరే ఉంది. మా శాఖ దగ్గరున్న తుపాకులు దున్నకు చాలవు. చాలని తుపాకీతో కాలిస్తే జంతువు చావదు, బాధ పడుతుంది. అందుకే నివేదిక పంపే ముందే ఆయన్ని అడిగాం. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. డాక్టరు గారితో విడిగా మాట్లాడి, కాలు సంగతి రెండుసార్లు అడిగి తెలుసుకుని, అప్పుడు సరేనన్నారు.

వెళ్ళే ముందు ఆయన మా అందరికీ, బందోబస్తుకు వచ్చిన పోలీసు ఎస్సై గారితో సహా, ఒక విషయం వివరించారు. జంతువు మనకు అడ్డంగా నిలబడినప్పుడు ముందుకాలి వెంట చూపు పైకి తీసుకెళ్ళాలి. ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర, జబ్బ వెనకగా, గుండె ఉంటుంది. దాని మీదే ఊపిరితిత్తులు. అక్కడ తగిలితే నిమిషంలో పడిపోతుంది. దున్నకు వీపు మీద గట్టులాంటి మూపు ఉండటంవల్ల చూసేవాడి కన్ను మోసపోయి గురి పైకి పోతుంది. అక్కడ మాంసం తప్ప ఏమీ లేదు. ఎదురుగా కాలిస్తే నుదుటి ఎముక మందం, తల ఒకచోట నిలవదు. వెనక నుంచి కాలిస్తే గుండు పొట్టలోనే ఆగిపోతుంది, జంతువు రోజుల తరబడి చస్తుంది.

"ఇంకోటండి. గుండు దున్నలోంచి దూసుకుపోవచ్చు. వెనకాల మనిషి ఉండకూడదు" అన్నారు.

లంక ఖాళీ చేయించే పని రెవెన్యూవాళ్ళూ పోలీసులూ పంచుకున్నారు. ముందురోజు ఊళ్ళలో టముకు వేయించి, లంకలోకి ఎవరూ రావద్దని చాటించారు. రాజమండ్రి వైపు రేవులో పడవలు ఆపేశారు. కొవ్వూరు వైపు రేవులకు కూడా కబురు వెళ్ళింది. వాటిలో ఒక చిన్న రేవుకు ఆ కబురు చేరలేదని మాకు తరవాత తెలిసింది.

పొద్దున్నే గాలి మా ముఖం మీదికి వీచేలా చూసుకుని రెల్లు పక్కగా వెళ్ళాం. రాజు గారు, నేను, డాక్టరు గారు, ఎస్సై గారు. దున్న మా అలికిడి విని, తల పైకెత్తి, సూటిగా మా వైపు తిరిగి నిలబడింది. రాజు గారు రైఫిలు భుజానికెత్తి, వెంట తెచ్చుకున్న గెడకర్రకు ఆనించి, ఆగారు.

"కాల్చండి రాజు గారూ, ఎదురుగానే ఉంది కదా" అని ఎస్సై గారు గొంతు తగ్గించి అన్నారు.

"తిరగనివ్వండి" అన్నారాయన, తల కదపకుండానే.

అలా చాలాసేపు నిలబడ్డాం. చివరికి దున్న కుంటుకుంటూ పక్కకు తిరిగింది. ఆయన చెప్పినట్టే అచ్చం అడ్డంగా నిలిచింది. ఇక మోత వినబడుతుందనుకుని నేను చెవులు మూసుకున్నాను. వినబడలేదు. కళ్ళెత్తి చూస్తే ఆయన రైఫిలు దించేసి ఉన్నారు. దున్నకు అవతల, గట్టు మీద, తట్టలు పట్టుకుని నలుగురైదుగురు ఆడవాళ్ళు వస్తున్నారు. వరదకు పడిపోయిన అరటి గెలలు ఏరుకోవడానికి కబురందని ఆ రేవు నుంచి పడవ దాటి వచ్చినవాళ్ళు.

నేను చేతులూపాను. డాక్టరు గారు అరిచారు. ఆ అరుపుకు ఆడవాళ్ళకంటే ముందు దున్నే ఉలిక్కిపడింది. మా వైపు రాలేదు. గట్టు వైపు తిరిగి, మూడు కాళ్ళ మీదే, నమ్మలేనంత వేగంగా వెళ్ళింది. ఆడవాళ్ళు తట్టలు వదిలేసి పరుగెత్తారు. వాళ్ళలో మార్తమ్మ అనే ఆమె ఒండ్రులో కాలు జారి పడింది. దున్న ఆమెను కొమ్ముతో ఎత్తి పక్కకు విసిరేసింది.

రాజు గారు అప్పటికే పరుగు మొదలుపెట్టారు. కాల్చడానికి కాదు, ముందు పక్కకు, నది వైపుకు. దున్న వెనకాల నీళ్ళు తప్ప మనిషి లేని చోటు చేరి, మోకాలి మీద కూర్చుని కాల్చారు. దున్న కొంచెం దూరం నడిచి, ముందుకాళ్ళు ముడుచుకుని, పడిపోయింది. గుండె పైభాగం చిట్లినట్టు తరవాత పోస్ట్‌మార్టంలో తేలింది. డాక్టరు గారు అక్కడే గాయం చూసి, "దానికి బాధ తెలిసి ఉండదు" అన్నారు. రాజు గారి చూపంతా మార్తమ్మను తీసుకెళ్తున్న పడవ మీదే ఉంది.

ఆమె బతికింది. తుంటి ఎముక విరిగింది. రాజమండ్రి పెద్దాసుపత్రిలో నెలలు గడిపింది. ఈ ప్రమాదం మీద జరిగిన విచారణలో మొదటి ప్రశ్నే, దున్న ఎదురుగా నిలబడ్డప్పుడు వచ్చిన అవకాశం ఎందుకు వదులుకున్నారని.

"అది అవకాశం కాదండి" అని రాజు గారు చెప్పారు. "ఎదురు గుండు తప్పితే గాయపడిన దున్న రెల్లులోకి పోయేది. మేం దాని వెనక వెళ్ళేవాళ్ళం. ఆ ఆడవాళ్ళు కూడా అదే రెల్లు వైపు వచ్చేవాళ్ళు."

నేను కూడా అదే సాక్ష్యం చెప్పాను. విచారణాధికారి ఆయన తప్పేమీ లేదని రాశారు.

ఆసుపత్రికి ఆయనతో నేనూ వెళ్ళాను. మార్తమ్మ పక్కనే వాళ్ళ అక్క కూర్చుని ఉంది. రాజు గారు మంచం పక్కన నిలబడి తానెవరో చెప్పుకున్నారు.

"మీరేనా అండీ! ముందే కాల్చుంటే నా కాలు నిలిచేదంటన్నారు అందరూ. నిజమేనాండీ?" అని ఆమె అడిగింది. కోపంగా కాదు, తెలుసుకోవాలన్నట్టు.

"నిలిచేదేమోనమ్మా. నేను చెప్పలేను" అన్నారాయన.

"మరి మేం గట్టు మీద ఉన్నప్పుడెందుకు కాల్చలేదండీ?"

"మీకు తగులుద్దనమ్మా."

"అయితే సరేలెండి" అని అక్క వైపు తిరిగి నీళ్ళడిగింది.

ఆ తరవాత మార్తమ్మ పొలం పనికి వెళ్ళలేకపోయింది. నరసాపురంలో అక్క ఇంట్లో ఉండి లేసు అల్లుతోందని విన్నాను. శాఖ ఇచ్చిన పరిహారం ఆసుపత్రి ఖర్చులకే చాలింది. రాజు గారిని మరో రెండుసార్లు, గాయపడ్డ జంతువుల విషయంలోనే, అడగవలసి వచ్చింది. రెండుసార్లూ మర్యాదగా కాఫీ ఇచ్చి, తనవల్ల కాదన్నారు. వేరేవాళ్ళను పెట్టుకున్నాం. వాళ్ళలో ఒకాయన ఒక కణితిని, అంటే పెద్ద జాతి దుప్పిని, తొందరపడి కాల్చాడు. ఆ కణితి రెండో రోజు సాయంత్రానికి గానీ మాకు దొరకలేదు. అప్పటికి ఇంకా ప్రాణంతోనే ఉంది.

ఆ లంకలో పని తరవాత నా పద్ధతి మార్చుకున్నాను. గుండు జంతువుకు ఎక్కడ తగలాలన్నది కాల్చేవాడికి వదిలేశాను. చుట్టూ ఉన్న ప్రతి రేవుకూ, ప్రతి దారికీ నా మనిషి స్వయంగా వెళ్ళి, నిలబడి, చేరానని తిరుగు కబురు పంపేదాకా తుపాకీ పెట్టెలోంచి తీయనిచ్చేవాణ్ణి కాదు. కబురు పంపడం వేరు, కబురు అందడం వేరు. రెండోది రూఢి అయ్యేదాకా కాల్చేవాడి నేర్పుతో పని లేదు.